వెలగందే ఆరదు

గుడారి ఘాటీ దిగుతుంటే
డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ
ఎర్రగా, సగం చచ్చినట్టు వెలిగింది.
హెడ్‌లైట్లు పసుపునీళ్లయిపోయేయి.
సోంబారి గొమాంగో పక్కకి వాలి
చేతిటార్చితో రోడ్డు చూపించేడు.
గుణుపురం దాకా ఆ టార్చి మీదే వచ్చేం
పదకొండుమందిమి, నాలుగు చింతపండు బుట్టలు,
ఒక మేకపిల్ల.

"ఆల్టర్నేటర్ పోయింది, కొత్తది ఎయ్యాల"
అన్నాడు రాయగడ షాపువాడు ఫోన్లోనే,
చెయ్యి పట్టి చూడకుండా చావు రాసిచ్చే డాక్టరులాగ.
ఆరువేల రెండొందలట.
ఆరువేలు జీపు అప్పుకి పోతాయి.
రెండొందలున్నాయి.

ఎదురింటి నిరాకార్ మౌసా
నలభయ్యేళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి.
ఇప్పుడు రెండు కళ్లలోనూ పొర.
"ఆఖి తోర, హాత మోర" అన్నాడు.
సరే, కళ్లు నావే. తిట్లు కూడా నీవే, అన్నాను.

గుమ్మంలో ఒడియా పేపరు పరిచేం.
విప్పకముందే పెంకు మీద
బలపంతో ఒక గీత గీయించేడు,
మళ్లీ కలిపేటప్పుడు గీత గీతని గుర్తుపట్టాలని.
నాలుగు పొడుగు బోల్టులు,
చెక్క అడ్డంపెట్టి రెండు సుత్తి దెబ్బలు.
లోపల రాగిచుట్టలు, నల్లటి బొగ్గుపొడి,
అరిగి అరిగి పెసరబద్దంతయిన బ్రష్షులు.
మౌసా వాటిని వేళ్లమధ్య తిప్పి
"పాపం, ఆఖరిదాకా డ్యూటీ చేసేయి" అన్నాడు
ఎవరో తెలిసిన గుమస్తాల గురించి అన్నట్టు.

డయోడ్లు ఆరు.
మీటరు ముళ్లు ఒకలా పెడితే అంకె చూపాలి,
తిప్పి పెడితే చూపకూడదు.
అయిదూ ఆ మర్యాద పాటించేయి.
ఆరోది ఎటు పెట్టినా పీఁ అంది.
"ఇదే ఖరాప్. రానూ పోనూ తేడా లేదు దీనికి."
నాకు నవ్వొచ్చింది.
మన వీధంతా అదే రోగం కదా మౌసా,
నువ్వు ఒడియాలో అడుగుతావు, నేను తెలుగులో చెప్తాను,
సోంబారి సవరలో బేరమాడి
హిందీలో చిల్లర లెక్కెడతాడు,
ఎవరికీ ఫ్యూజు పోలేదు.
"వీధికి చెల్లుతుంది," అన్నాడు,
"కరెంటుకి చెల్లదు."

పాత ఇనపకొట్లో
చచ్చిన సుమో తాలూకు ఆల్టర్నేటరు నూటయాభై.
వీపంతా తుప్పు, కడుపులో నాలుగు మంచి డయోడ్లు.
బ్రష్షులు నలభై.
మిగిలిన పదికీ బిస్కట్లు.

సాయంత్రం కరెంటు తీసేసేడు.
మౌసా తన పాత రాగికాడని
కుంపట్లో ఎర్రగా కాల్చమన్నాడు.
పేస్టు లేకపోతే సంతలో కొన్న గుగ్గిలం అద్దేడు.
దేవుడిగదిలో కూచుని ఎవరో
రేడియో బాగుచేస్తున్నట్టు వాసన.

కొత్త బ్రష్షుల్ని లోపలికి నొక్కి,
వెనక చిల్లులోంచి సైకిలుపుల్ల దూర్చి ఆపేం.
గీత గీతని కలిసింది.
బెల్టుని బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగింది.

తాళం తిప్పేను.
ఎర్రలైటు లేదు!
చప్పట్లు కొట్టేను, కుక్క కూడా లేచింది.
మౌసా మాత్రం కదల్లేదు.
"ఇంజను స్టార్టు చేసేవా?"
ఇంకా లేదు.
"వెలగందే ఆరడం ఏటే దాలీ?"

బానెట్టు కిందకి చెయ్యి పాకించేడు,
గొట్టం, వైరు, బోల్టు, ఒక్కొక్కటీ తడుముకుంటూ.
వేలికి తగిలింది సైకిలుపుల్ల.
తియ్యడం మర్చిపోయేం.
కళ్లు నావే మరి.

లాగేడు.
లోపలెక్కడో టిక్కుమని
రెండు బొగ్గుముక్కలు రాగి మీద కూర్చున్నాయి.

మళ్లీ తాళం. ఎరుపు.
ఇంజను. ఎరుపు పోయింది.
"పద్నాలుగు పాయింటు ఒకటి" అని
గట్టిగా చదివేను, ఆయన చెవికి.
అది చాల్లేదు ఆయనకి.
గోడ పట్టుకుని ముందుకెళ్లి
హెడ్‌లైటు అద్దానికి అరచెయ్యి ఆనించి
చలి కాచుకుంటున్నవాడిలా నిలబడ్డాడు,
చాలాసేపు.

పేపరు మడుస్తుంటే
ఒక వాషరు మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలీదు.
పొద్దున్న అయిదింటికి సోంబారి వస్తాడు, బుట్టలతో.
వాషరు కొంగున ముడేసుకున్నాను.